ఎడమ ఫోర్కు తొడుగు

చిరంజీవి చిన్నోడికి అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ నీ భార్యా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని రాయాలి, ఎప్పుడూ రాసే మాటే. ఈసారి ఆ మాట దగ్గర చెయ్యి ముందుకు పోలేదు. అందుకని ముందు ఒక పని చెబుతాను, అది చేసి వచ్చి మిగతాది చదువు. బండి తాళం తీసుకెళ్ళి ఈ ఉత్తరం తెచ్చిన మీసాలాయన చేతిలో పెట్టు. ఎందుకని ఆయన్ని అడగకు, ఆయనకేమీ తెలియదు. నన్ను అడుగుదామంటే నేను అక్కడ లేను. తాళం ఇచ్చేసి, వెళ్ళి నీ మంచం మీద కూర్చుని నిదానంగా చదువు. శనివారం నువ్వు దిగాల్సిన వాలు ఎక్కడికీ పారిపోదు.

నీ చదువు సంగతి నాకు తెలియనిది కాదు. ఉత్తరం వస్తే మొదటి రెండు లైన్లు, చివర సంతకం, మధ్యది తీరిక దొరికినప్పుడు. ఆ తీరిక నీకు దొరకడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. అందుకే తాళం మాట ముందే రాసేశాను. అది చేశాను కదా అని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోకు, చివరిదాకా చదువు. అసలు సంగతి ముందే రాసే ధైర్యం నాకు లేదు. రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట బయటికొస్తుందని మొదలుపెట్టాను.

నీ ఉత్తరం ఈ బుధవారం మధ్యాహ్నం చేరింది. మీసాలాయన మీ అడవి క్యాంపుకి సరుకులు చేర్చే లారీని వీధి చివర ఆపి, మన షెడ్డు దాకా నడిచొచ్చి ఇచ్చాడు. నేను అప్పుడు ఎవరిదో బండి చైను బిగిస్తున్నాను. నీ భార్య మందుల షాపు నుంచి భోజనానికి వచ్చి, బల్ల మీది పానాలన్నీ ఒక పక్కకి జరిపి డబ్బా పెట్టుకుంది. "చదవండి వదినా" అంది. నీ రాత నాకు తప్ప ఇంకో మనిషికి అర్థం కాదు కదా. పెళ్ళయి మూడేళ్ళయినా తనకి అలవాటు కాలేదు, మందుల చీటీలు చదవగలను గానీ ఈయన ఉత్తరం నా వల్ల కాదు అంటుంది. నేను చేతులు తుడుచుకుని పైకి చదివాను. ఒకచోట ఆరు లైన్లు వదిలేసి చదివాను.

"ఏమైంది, ఆగిపోయారు?" అంది.

"కంటద్దాలకి గ్రీజు అంటింది" అన్నాను. అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఆ ఆరు లైన్లూ దాటి చదివాను. తనకి తెలియలేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. నీళ్ళ మోటారు బాగయింది. దానికి రోగమేమీ లేదు, నువ్వు వెళ్ళేముందు బాగుచేస్తానని విప్పి రెండు వైర్లు అటుది ఇటూ ఇటుది అటూ కలిపి వెళ్ళావు, అంతే. నీ భార్యకి దగ్గు తగ్గింది. మందుల షాపులో పనిచేస్తూ మందు వేసుకోవడానికి ఇంత బతిమాలించుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. మెట్ల కింద పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి అచ్చం నీలాగే, తిన్న పది నిమిషాలకి మళ్ళీ తినలేదంటుంది.

నాలుగో ప్రశ్న మిగిలింది. నేను పైకి చదవకుండా వదిలేసిన ఆరు లైన్లు అవే. నువ్వేం రాశావో నీకు గుర్తుండదు కాబట్టి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"అక్కా, నువ్వు చెప్పినట్టే ఫోర్కు తొడుగులు ముట్టుకోలేదు. రెండు వేల కిలోమీటర్ల దాకా విప్పనని మాటిచ్చాను కదా. ఇక్కడ కరెంటు లైను పనివాళ్ళందరూ వాటిని చూసి మాకూ కుట్టించి పెట్టమంటున్నారు. ఒక్కటే, నాలుగు రోజులుగా ముందు బ్రేకు మెత్తబడింది. లీవరు గట్టిగానే ఉంది గానీ చక్రం పట్టుకోవడం లేదు. ఇదివరకు కీచుమనేది, ఇప్పుడు చప్పుడే లేదు, ప్రాణానికి హాయిగా ఉంది. గుంటలో పడితే ముందు భాగం కూడా బాగా కిందికి దిగి లేస్తోంది. కొత్త సీళ్ళు, కొత్త ఆయిల్ కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. అవునా?"

అవునా అని అడిగావు. కాదు రా. సర్దుకోదు.

మెత్తబడిన బ్రేకు, ఆగిపోయిన కీచు, దిగబడే ముందు భాగం, ఈ మూడూ కలిపి చదివితే మెకానిక్కుకి వేరే అర్థం లేదు. ముందు చక్రం ఎడమ ఫోర్కులో ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు కారుతోంది. కారిన ఆయిల్ రాడ్డు మీదుగా దిగి, తొడుగు గుడ్డలో నాని, అక్కడి నుంచి బొట్టు బొట్టుగా బ్రేకు మీద పడుతోంది. బ్రేకు ప్యాడ్లు ఆయిల్ తాగేశాయి. చప్పుడు లేకపోవడం హాయి కాదు, పట్టు లేదు కాబట్టి చప్పుడు లేదు. తొడుగు లేకపోతే మొదటి వారంలోనే రాడ్డు మీద తడి నీ కంట పడేది. బురదా ఇసుకా సీల్లోకి పోకుండా వేసిన గుడ్డ, కారడం నీకు కనపడకుండా కాపలా కాసింది.

చదును దారిలో వెనక బ్రేకుతో ఎలాగో నెట్టుకొస్తావు. శనివారం గుట్ట మీది చివరి టవరు చూసుకుని ఏటి ఒడ్డుకి దిగాలి, పదకొండు కిలోమీటర్ల వాలు అని రాశావు. వదులు రాళ్ళు, ఒక పక్క లోయ అని కూడా నువ్వే రాశావు, ఏదో షికారుకి పోతున్నట్టు రాశావు. ఆ వాలులో వెనక చక్రాన్ని పడితే జారుతుంది, ముందు చక్రం పట్టకపోతే బండి ఆగదు. ఆ తర్వాత ఏమవుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మధ్యాహ్నం నుంచి కళ్ళు మూసుకున్నా తెరిచినా అదే కనిపిస్తోంది.

భోజనం చేసి నీ భార్య షాపుకి వెళ్ళగానే నేను వీధి చివరికి పరుగెత్తాను. మీసాలాయన లారీ చక్రాలకి గాలి చూసుకుంటున్నాడు.

"మా వాడు ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"బాగానే ఉన్నాడమ్మా. మంగళవారం పొద్దున నేను బయల్దేరేటప్పుడు తనే టీ పోసిచ్చాడు."

"ఎవరి చేత్తో?"

"ఎవరి చేత్తో ఏంటమ్మా, తన చేత్తోనే. నేను చూస్తూనే ఉన్నాను." ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మూడోసారి అదే అడిగేసరికి కూర్చోమని నీళ్ళ సీసా ఇచ్చాడు. నాకు కాస్త ఊపిరి వచ్చింది, కానీ మంగళవారం పొద్దునకి బాగుంటే బుధవారానికి ఏమైనట్టు? నువ్వు రోజుకి నలభై యాభై కిలోమీటర్లు టవర్ల వెంట తిరిగే మనిషివి. లెక్క వేసుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఇప్పుడే బండి వేసుకుని వచ్చేస్తే పోతుంది అనుకున్నాను, కానీ అడవి గేటు దగ్గర కంపెనీ బండ్లని తప్ప దేన్నీ వదలరట. లారీ గురువారం పొద్దున బయల్దేరి శుక్రవారం సాయంత్రానికి క్యాంపు చేరుతుంది. ఏరు పొంగితే అదీ చెప్పలేను అన్నాడు మీసాలాయన.

అక్కడి నుంచి మీ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. మీకు ఫోను అందదు, వైర్‌లెస్ ఒక్కటే దిక్కు కదా. గుమస్తా మంచివాడే, కుర్చీ చూపించాడు. క్యాంపు సెట్టు పది రోజులుగా పలకడం లేదని, రోజుకి రెండుసార్లు పిలుస్తూనే ఉన్నామని చెప్పాడు. "దొరికితే చెబుతాం. ఏం చెప్పమంటారు?" అని కాగితం తీశాడు.

"బండి ఎక్కొద్దని చెప్పండి. ముఖ్యంగా శనివారం."

"ఎవరు చెప్పారని రాయను?"

"వాళ్ళ అక్క."

"కారణం?"

అక్కడ నిజం చెప్పాల్సింది చిన్నోడా. పెన్ను పట్టుకుని ఆయన చూస్తున్నాడు. వెనక బెంచీ మీద ఇద్దరు లైన్‌మెన్లు, నా దగ్గర బండ్లు బాగుచేయించుకునేవాళ్ళు, చెవులు ఇటే పెట్టి కూర్చున్నారు. "పీడకల వచ్చిందండీ" అన్నాను.

ఆయన పెన్ను ఆపాడు. "మా జీపు క్లచ్చు వేసింది మీరే కదా? మీలాంటివాళ్ళు కూడా కలలు నమ్ముతారా?"

"నమ్ముతానండీ."

ఆయన నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. బెంచీ మీదవాళ్ళు ఆపుకోలేదు. మెట్లు దిగాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. తమ్ముడి ప్రాణం మీదికి వచ్చినా సరే, కలలకి భయపడే ఆడమనిషి అనిపించుకోవడం ఒప్పుకున్నాను గానీ పని చెడగొట్టిన మెకానిక్ అనిపించుకోవడం ఒప్పుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

షెడ్డుకి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను, సగంలో లేచి మందుల షాపుకి వెళ్ళాను. ఆయిల్ తాగిన ప్యాడ్లు ఎలాగూ పనికిరావు, కొత్తవి నా దగ్గరున్నాయి. బ్రేకు డిస్కు మీది జిడ్డు పోవాలంటే స్పిరిట్ కావాలి, అందుకని నాలుగు సీసాలు అడిగాను. నీ భార్య రెండు సీసాలు బల్ల మీద పెట్టి ఆగింది.

"ఇంత స్పిరిట్ దేనికి వదినా?"

"తమ్ముడి బండికి. సీలు కారుతోందట, బ్రేకు తుడవాలి."

"ఎప్పుడు చెప్పారు? ఉత్తరంలో లేదే."

నేను బల్ల మీది సీసాలు సంచిలో వేసుకున్నాను.

"మీరు వెళ్ళేముందే కదా కొత్తది వేశారు? కొత్త సీలు రెండు వారాలకే ఎందుకు కారుతుంది?" అంది. మీరు కాదు, ఆయన వెళ్ళేముందు అని తనే దిద్దుకుంది.

అక్కడ, ఆ గాజు అల్మరాల మధ్య నిలబడి తనకి చెప్పేశాను. తనకి ఎలా చెప్పానో నీకూ అలాగే చెబుతున్నాను.

ఆ రోజు నీ బండి ముందు భాగం విప్పి, కుడి ఎడమ ఫోర్కులు రెండూ బల్ల మీద పెట్టాను. ఎడమ రాడ్డు మీద రాయి తగిలిన గీత ఉంటే, తడి ఎమరీ కాగితంతో గోరుకి తగలనంత నున్నగా అరగదీశాను. పాత సీళ్ళు తీశాను. కొత్త సీలు ఎక్కించేటప్పుడు రాడ్డు కొనకి పాల ప్యాకెట్ ముక్క తొడిగి, దానికి ఆయిల్ రాసి, దాని మీదుగా జార్చాలి. లేకపోతే రాడ్డు అంచు కత్తిలా పనిచేసి సీలు పెదవిని, అంటే దాని పలచని లోపలి అంచుని, కోసేస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదట చెప్పేది అదే. కుడి వైపు అలాగే వేశాను. అప్పుడు నువ్వు డ్రమ్ము మీద కూర్చుని, "అక్కా, వచ్చేసారి తెల్లచొక్కా దగ్గర వేయిస్తాలే, సీలు సమంగా కూర్చోబెట్టే గొట్టం వాడి దగ్గర ఉందట, నీకూ శ్రమ తప్పుతుంది" అన్నావు.

నువ్వు నా నడుము నొప్పి చూసి అన్నావు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఎదురు షెడ్డులో చొక్కాకి మరక అంటకుండా పనిచేసే ఆ మనిషిని చూస్తే నాకు పడదు, ఎందుకు పడదో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క కారణం లేదు. ఆ విసురులో పాల ప్యాకెట్ ముక్క పెట్టకుండానే ఎడమ సీలు రాడ్డు మీదికి నెట్టాను. వేలికి చిన్నగా టిక్కుమని తగిలింది. వెనక్కి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, పెదవి మీద వెంట్రుకంత గాటు.

"ఏమైందక్కా?" అన్నావు. "ఏం లేదు" అన్నాను. అదే గాటు పడ్డ సీలు మళ్ళీ ఎక్కించి, కొట్టి బిగించాను.

ఊళ్ళో ఇంకో జత లేదని, తెప్పిస్తే నాలుగు రోజులు పడుతుందని, నువ్వు తెల్లారే బయల్దేరాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. తెల్లచొక్కా కిటికీలో అవే సీళ్ళు వేలాడుతున్నాయి. నేను కూర్చున్న చోటు నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. నువ్వు ఆ మాట అన్నాక నీ కళ్ళ ముందే రోడ్డు దాటి వెళ్ళి వాణ్ణి అడగడం నా వల్ల కాలేదు. పదహారడుగుల రోడ్డు.

ఆ సాయంత్రం పాత రెయిన్‌కోటు కత్తిరించి తొడుగులు కుట్టాను. బురద పడకుండా అని నీకు చెప్పాను. నీకు కనపడకుండా అని కుట్టాను. రెండు వేల కిలోమీటర్ల దాకా విప్పొద్దు, మధ్యలో విప్పితే దుమ్ము పోయి సీలు చెడుతుందని చెప్పానే, అలాంటి లెక్క లోకంలో ఎక్కడా లేదు. అక్కడికక్కడ నా నోట్లో పుట్టింది. చిన్న గాటే కదా, నెమ్మదిగా కారుతుంది, నెల తిరిగి వస్తాడు, అప్పుడు చప్పుడు చెయ్యకుండా మార్చేస్తాను అనుకున్నాను. బ్రేకు ఎడమ వైపే ఉందన్న సంగతి అప్పుడు తోచలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. తోచింది. తోచాక కూడా తొడుగు పట్టీ బిగించాను.

చిన్నప్పటి నుంచీ నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు నువ్వు. చెప్పులు వేసుకోమంటే వేసుకోలేదు, చదువుకోమంటే గోడ దూకావు. వినక వినక ఇది విన్నావు. తొడుగు ముట్టుకోలేదు అక్కా, మాటిచ్చాను కదా అని రాశావే, ఆ లైను చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. భయంగా ఉంది రా. నీ కోపానికి కాదు, కోపం వస్తే ఎంత బాగుండు.

నీ భార్య అంతా వింది.

"గాటు పడిందని ఆ రోజే తెలుసా?" అంది.

"తెలుసు."

"ఆయన బండి గేటు దాటుతుంటే నా పక్కనే నిలబడి చెయ్యి ఊపారు. అప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

ఇంతలో ఎవరో ముసలాయన కీళ్ళనొప్పి మందుకి వచ్చాడు. తను మందు తీసిచ్చి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఖాళీ కడుపున వద్దు అని ఆయనకి రెండుసార్లు నిదానంగా చెప్పింది. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది.

"ఉత్తరం రాసి పంపుతారా?"

"సగం రాశాను. మిగతాది రాసి పొద్దున లారీకి ఇస్తాను."

"ఆయన ఉత్తరం పూర్తిగా చదవరు. మీకు నాకంటే బాగా తెలుసు. మీరే వెళ్ళండి."

"మళ్ళీ నేను సీలు వెయ్యడమా? నా చేతి మీద నాకే నమ్మకం లేదమ్మా."

"నాకూ లేదు" అంది. "అక్కడ వెయ్యడం తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు." మిగతా రెండు స్పిరిట్ సీసాలు తీసి సంచిలో పెట్టింది. తర్వాత కౌంటరు కింద వంగి ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు లేవలేదు. నేను ఏడవొద్దని అనలేదు, అనే మొహం నాకు ఎక్కడుంది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కాళ్ళు కాస్త తేలికపడ్డాయి. ఆఫీసు మూసేలోపు మళ్ళీ వెళ్ళి, పీడకల కొట్టేయించి, "సీలు తెగిందని తెలిసి బిగించాను, బ్రేకు పట్టదు, బండి ఎక్కవద్దు" అని రాయించాను. ఈసారి గుమస్తా నవ్వలేదు. లారీలో నేను వెళ్ళడానికి చీటీ కూడా ఆయనే రాసిచ్చాడు.

తర్వాత రోడ్డు దాటాను. తెల్లచొక్కా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏదో కొట్లాటకి వచ్చాననుకున్నాడు పాపం.

"మా తమ్ముడి బండికి ఫోర్కు సీళ్ళు రెండు జతలు కావాలి. నీ గొట్టం కూడా కావాలి, తిరిగి తెచ్చిస్తాను" అన్నాను.

అతను కిటికీలోని సీళ్ళు తీసి, గొట్టాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. నేను వెనక్కి తిరిగాక అన్నాడు, "ఆ రోజు బండి వెళ్తుంటే చూశాను. కొత్త సీలు వేసినవాళ్ళు మొదటి రోజే తొడుగు వెయ్యరు కదా, కారుతుందో లేదో చూసుకుంటారు. ఏదో తేడా ఉందనిపించింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఊరుకునేదానివా? నీ నోటికి నాకు భయం" అన్నాడు. మళ్ళీ తనే, "చెప్పాల్సింది" అన్నాడు. నా నోటికి భయపడి ఒకడు ఊరుకున్నాడు, నా మాట మీద నమ్మకంతో నువ్వు విప్పలేదు. ఇద్దరి మధ్యా ఆ ఆయిల్ బొట్లు పడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు గురువారం పొద్దున. లారీ క్యాబిన్‌లో కూర్చుని, సీళ్ళ సంచి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అది ఇంజను వణుకు అనుకో, సగం అదే. వెనక బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నారు. నేను అక్కడ లేనని, మీసాలాయనకేమీ తెలియదని మొదట రాసింది కొట్టెయ్యలేదు, రాసినప్పుడు అది నిజమే. ఇప్పుడు ఆయనకి అంతా చెప్పాను. విని, బస్తాలు తొందరగా ఎక్కించమని కేకలేస్తున్నాడు. ఏరు పొంగలేదని కబురొచ్చిందట. నీ భార్య వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. రాత్రంతా నిద్రపోనట్టుంది, నేనూ పోలేదు. నాతో ఇంకా మాట్లాడటం లేదు గానీ, క్యాబిన్‌లో చలేస్తుందని తన శాలువా కిటికీలోంచి నా ఒళ్ళో వేసింది.

దారిలో ఏం జరుగుతుందో తెలియదు. మేం వచ్చేసరికి నువ్వు క్యాంపులో లేకపోతే, వాలు శనివారం కాక శుక్రవారమే దిగేశావని ఎవరైనా చెబితే, అన్న ఆలోచన వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా సీళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

చేరగానే మీసాలాయన ముందు దిగి ఈ ఉత్తరం నీ చేతికిస్తాడు, చివరిదాకా చదివించే పూచీ ఆయనది. నేను క్యాబిన్‌లోనే ఉంటాను. ఇదంతా నీ మొహంలోకి చూస్తూ నోటితో చెప్పగలనో లేదో నాకు తెలియదు, దిగితే మళ్ళీ ఏదో ఒక కథ అల్లుతానేమోనని భయం. ప్యాడ్లు, స్పిరిట్, సీళ్ళు, గొట్టం నా దగ్గర ఉన్నాయి. పని ఎలా చెయ్యాలో వరసగా ఇంకో కాగితం మీద రాసి సంచిలో పెట్టాను. నన్ను వెయ్యమంటే వేస్తాను, నువ్వు పక్కన నిలబడి ప్రతి ముక్కా వెలుతురుకి పెట్టి చూసుకో. నా చెయ్యి తగలొద్దంటే ఆ కాగితం చూసి నువ్వే వేసుకో, నేను ఇదే లారీలో వెనక్కి వెళ్ళిపోతాను. ఏదీ తప్పుపట్టను.

ఈ మాట నువ్వు చదువుతున్నావంటే ఇంకా వాలు దిగలేదన్నమాట. నేను దేవుణ్ణి అడిగింది అంతే, అది దొరికింది. క్షమించమని అడగడానికి లారీ ఎక్కలేదు. మాట్లాడాలనిపిస్తే వచ్చి తలుపు తియ్యి, అనిపించకపోతే తియ్యకు. కానీ ఒక్కసారి ఈ కిటికీ ముందు నుంచి నడిచి వెళ్ళు. ఇటు చూడకపోయినా ఫరవాలేదు. నా తమ్ముడు రెండు కాళ్ళ మీద నడుస్తున్నాడని కళ్ళారా చూసుకుంటాను.

ఇట్లు,
లారీలో కూర్చుని ఉన్న
మీ అక్క